రఫ్ కాగితం కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండాకాలం సెలవులకీ, దసరాకీ విజయవాడలోనూ గుంటూరులోనూ పిల్లలకు బొమ్మల పోటీలు పెట్టడం మామూలే. కరపత్రంలో షరతులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: డ్రాయింగ్ షీటు నిర్వాహకులిస్తారు, రంగులూ కుంచెలూ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, సమయం రెండు గంటలు, మనిషికి ఒక్క షీటే. డ్రాయింగ్ మాస్టర్లుగా మా గొడవంతా ఆ చివరి మాట గురించే. నీటిరంగులు వేసే పిల్లకి రెండో కాగితం ఇవ్వకపోవడమంటే ఉప్పు చూడకుండా వంట చేయమనడమే. ఆ పిల్ల షీటు వెనక ఓ మూల చిన్న గడిలో రఫ్, అంటే బొమ్మకి పెన్సిలు నమూనా, గీసుకుని కొండ ఎక్కడుండాలో, నీళ్లు ఎంతవరకు రావాలో చూసుకుంటుంటే, పక్కన తిరిగే వలంటీరు ‘టైమైపోతోందమ్మా, రంగులు మొదలెట్టు’ అంటాడు. కిటికీ అవతల నిలబడ్డ అమ్మానాన్నలదీ అదే కంగారు. పెన్సిలు పట్టుకున్నంతసేపూ పని జరగనట్టూ, కుంచె తడిపాకే బొమ్మ మొదలైనట్టూ లెక్క. నీటిరంగుల్లో ఈ లెక్క తలకిందులు. ఎందుకో కాస్త వివరంగానే రాస్తున్నాం, చోటిచ్చి వేయగలరు.

ఆయిల్ రంగుల్లోనూ పోస్టర్ రంగుల్లోనూ తెలుపు ఒక రంగు. మర్చిపోతే చివర్లో పెట్టుకోవచ్చు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. రంగు పలచని తెరలా పడుతుంది, దానిమీద ఎంత లేత రంగు వేసినా అడుగున ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. అందుకే లేత నుంచి ముదురుకి నడవడమే తప్ప వెనక్కి దారి లేదు. పడవ మీద తెల్ల తెరచాప కావాలంటే ఆకాశం వేసేటప్పుడే అక్కడ కుంచె ఆగాలి. నీళ్లూ కొండా అన్నీ వేసేశాక తెరచాప గుర్తొస్తే తడికుంచెతో రంగు లేపాలి. అలిజరిన్ ఎరుపు, థాలో నీలం లాంటి మరకపట్టే రంగులైతే ఎంత తుడిచినా పూర్తిగా లేవవు, ఈలోపు కాగితం పైపొర లేస్తుంది. తెల్ల గోవాష్ (అడుగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) పెడితే అది సున్నపు చుక్కలా విడిగా కనిపిస్తుంది. అంటే బొమ్మలో ఏ తెలుపు ఎక్కడ మిగలాలన్నది మొదటి చుక్క రంగు పడకముందే తేలిపోవాలి. ఆ తేల్చుకునే చోటే రఫ్.

రఫ్‌కి పెద్ద హంగులక్కర్లేదు. అరచేతిలో పట్టేంత గడి, ఒక 2బి పెన్సిలు, గడికి ఐదు నిమిషాలు. కాకపోతే గడి కొలత ముఖ్యం. ఇంపీరియల్ అనే పెద్ద కాగితంలో నాలుగో వంతు, అంటే పావు ఇంపీరియల్ షీటు, 15 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు. దానికి రఫ్ 3 అంగుళాలకు 2.2 అంగుళాలు, అంటే సరిగ్గా ఐదో వంతు. ఏ4 కాగితమైతే 3కి 2.1. సగంమంది పప్పులో కాలేసేది ఇక్కడే. చేతికొచ్చినట్టు ఓ చదరం గీసి అందులో అందంగా అమర్చుకుంటారు. షీటు మీదకొచ్చేసరికి ఆ చదరం 11 అంగుళాల దగ్గరే అయిపోయి పక్కన నాలుగంగుళాలు మిగిలిపోతుంది. అక్కడేం పెట్టాలో తోచక ఒక కొబ్బరిచెట్టు నాటుతారు. మన పిల్లల బొమ్మల్లో అంచునే అన్ని కొబ్బరిచెట్లు మొలవడానికి కోనసీమ మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు.

లెక్కలు రాని చిన్నపిల్లలకు ఒక ఉపాయం ఉంది. షీటు ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు దారం లాగి పట్టుకోవాలి. రఫ్ కాగితాన్ని ఆ ఎడమ కింది మూలలోనే ఆనించి పరవాలి. దారం వెంబడి ఎక్కడ చుక్క పెట్టినా సరే, అక్కణ్ణించి కిందికీ పక్కకీ నిలువుగా, అడ్డంగా రెండు గీతలు లాగితే వచ్చే గడి షీటుకి అచ్చమైన పిల్ల గడి. కొలబద్దతో పనే లేదు.

ఎదురుగా కనిపించే దృశ్యాన్ని వేయాలంటే ఎంత తీసుకోవాలి, ఎంత వదిలేయాలి అన్నది ఇంకో చిక్కు. పాత శుభలేఖ అట్టతో ‘ఎల్’ ఆకారపు ముక్కలు రెండు కత్తిరించి, ఎదురెదురుగా పెట్టి 6 సెంటీమీటర్లకు 4.4 సెంటీమీటర్ల కిటికీ వచ్చేట్టు క్లిప్పులు పెట్టుకుంటే చాలు. అది కూడా 15కి 11 నిష్పత్తే. ఒక కన్ను మూసి అందులోంచి చూస్తూ దగ్గరకీ దూరానికీ జరిపితే, అవసరంలేని కరెంటు స్తంభాలూ ఫ్లెక్సీలూ వాటంతటవే బయటికి పోతాయి. ఫోనుతో ఫొటో తీసి దాన్నే ఎక్కించుకుంటే పోదా అంటారు. ఫోను కెమెరా కటకం విశాలంగా చూసే రకం. దగ్గరున్న మెట్లను పెద్దవి చేసి దూరాన ఉన్న ఇంద్రకీలాద్రిని చీమలపుట్టంత చేస్తుంది. మన కంటికి కొండ అంత చిన్నగా కనిపించదు. ఫొటో నుంచి వేసిన కృష్ణ ఒడ్డు బొమ్మల్లో కొండ ఎప్పుడూ బక్కచిక్కి ఉండటం అందువల్లే. ఫొటో తీసుకున్నా కొలత మాత్రం పెన్సిలుతో తీసుకోవాలి: మోచెయ్యి వంచకుండా చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు కొస నుంచి బొటనవేలి దాకా కొండ ఎత్తు పట్టి, అదే కొలత అడ్డంగా ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. మోచెయ్యి వంగిందా, ప్రతి కొలతా మారిపోతుంది.

విజయవాడకు ఎదురుగా కృష్ణ అవతల ఉన్న సీతానగరం ఒడ్డునే తీసుకుందాం. బ్యారేజీకి ఎగువన నిలబడి విజయవాడ వైపు చూస్తే, ప్రకాశం బ్యారేజీ కుడిచేతి పక్క నుంచి మొదలై దూరం పోతూ సన్నబడి కొండ పాదం దగ్గర తేలుతుంది. ఎడమంతా నీళ్లు. మొదటి రఫ్‌లో దాదాపు అందరూ ఒకటే చేస్తారు. నీటి అంచు కాగితానికి సరిగ్గా నడుమన, కొండ కూడా సరిగ్గా నడుమన, సూర్యుడు కొండ నెత్తిన. బొమ్మ అడ్డంగా రెండు ముక్కలై, ఏ ముక్క ముఖ్యమో తెలియక చూపు మధ్యలో ఊగుతుంది. మొదటి రఫ్ పారేయడానికే అనుకోవాలి. రెండోదాంట్లో 15 అంగుళాలను ఐదేసి అంగుళాల మూడు భాగాలుగా, 11 అంగుళాలను రమారమి 3.7 చొప్పున మూడు భాగాలుగా చూసుకుని, నీటి అంచును కింది మూడో వంతు గీత దగ్గరకి దించితే ఆకాశం బొమ్మ అవుతుంది. పై మూడో వంతుకి లేపితే నీళ్ల బొమ్మ అవుతుంది. రెండూ మంచివే, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈ మూడో వంతుల సూత్రాన్ని పంచాంగంలా పట్టుకుని వేలాడమని మేం చెప్పం. నడిమధ్య నుంచి కదిలించడానికి పనికొచ్చే ఊతకర్ర, అంతే.

ఎత్తు కూడా మన చేతిలోనే ఉంది. ఘాటు కింది మెట్టు మీద కూర్చుంటే నది సన్నటి పట్టీ. గాంధీకొండ ఎక్కి చూస్తే పరిచిన చాప. కంటిమట్టం ఎక్కడుందో ముందు గీత పెట్టుకోకపోతే ఒకే బొమ్మలో నది కొండ మీంచి చూసినట్టూ, పడవ ఒడ్డు మీంచి చూసినట్టూ వస్తుంది. మనుషులున్న బొమ్మకైతే ఈ గీత ఇంకా పెద్ద సాయం చేస్తుంది. బీసెంట్ రోడ్డు లాంటి చదునైన వీధిలో నిలబడి వేస్తే, మన ఎత్తు మనుషుల తలలన్నీ, దగ్గరివాళ్లవైనా దూరపువాళ్లవైనా, ఆ గీత మీదే పడతాయి. మారేది పాదాలే. తలలు కిందా మీదా చల్లేస్తే వీధి గొయ్యిలా కనిపిస్తుంది.

ఇక గేట్లు. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. వాటిని లెక్కపెట్టి గీయమని ఎవరూ అడగరు, గీస్తే దువ్వెన పళ్లలా ఉంటాయి. కానీ దూరం పోయేకొద్దీ సందులు ఎంత చొప్పున తగ్గాలో ఊహించి పెడితే మాత్రం వంతెన మధ్యలో వంకరపోతుంది. పద్ధతి తేలిక. దగ్గరి స్తంభాలు రెండు కంటికి కనిపించినట్టు నిలబెట్టండి. వాటి తలలు కలుపుతూ ఒక గీత, పాదాలు కలుపుతూ ఒక గీత లాగండి, రెండూ దూరాన కంటిమట్టం మీద ఒకచోట కలవాలి. ఇప్పుడు రెండో స్తంభం సగం ఎత్తులో చుక్క పెట్టి, మొదటి స్తంభం తల నుంచి ఆ చుక్క గుండా ఒక ఏటవాలు గీత లాగండి. అది పాదాల గీతను ఎక్కడ తాకితే అక్కడ మూడో స్తంభం పాదం. రెండో దాని తల నుంచి మూడోదాని నడుం గుండా లాగితే నాలుగోది. ఏడో ఎనిమిదో వచ్చేసరికి సందు పెన్సిలు మొన కంటే సన్నమవుతుంది, అక్కడ ఆపేయాలి. మిగతాదంతా కుంచెతో ఒక్క లాగు.

రఫ్‌లో పట్టుకోవాల్సిన తప్పు మరొకటి ఉంది, షీటు మీద కంటబడితే అప్పటికే ఆలస్యం. కొండ కొస కాగితం పై అంచుకి ఆనీ ఆనకుండా ఉండటం, పడవ కొమ్ము సరిగ్గా నీటి అంచును తాకి ఆగిపోవడం, బ్యారేజీ గీత సూటిగా కాగితం మూలలోకే దూసుకుపోవడం. ఇలా అంటీ ముట్టని అంచుల దగ్గర దూరం చచ్చిపోతుంది, పడవ ఆకాశానికి తగిలించినట్టుంటుంది. ఒకదాని మీదకి ఇంకోదాన్ని బాగా ఎక్కించాలి, లేదా మధ్యలో స్పష్టంగా ఎడం పెట్టాలి. మూలలోకి పోయే గీతను షీటు లెక్కలో అంగుళం పైకో పక్కకో జరపాలి. మూడంగుళాల గడిలో ఇది పావు నిమిషం పని.

గీతలయ్యాక వెలుగు. రఫ్ అంచున సూర్యుడెటున్నాడో ఒక బాణం గుర్తు తప్పనిసరి. ఈ ఒడ్డు నుంచి చూస్తే పొద్దున సూర్యుడు కుడిపక్క, బ్యారేజీ వెనక ఉంటాడు. మనవైపు స్తంభాలు నీడలో నల్లగా, నీళ్లు మెరుస్తూ కనిపిస్తాయి. సాయంత్రం ఎడమ నుంచి వెలుగు పడి స్తంభాల ముఖాలే వెలుగుతాయి. రెండూ వేర్వేరు బొమ్మలు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి రెండు గంటల పోటీలో నీడలు బాగా మారిపోతాయి. బాణం గుర్తు లేనివాళ్లు మొదట వేసిన నీడను ఒకవైపు, ఆఖర్న వేసిన నీడను ఇంకోవైపు పడేస్తారు, కళ్లముందున్నదే వేశామని వాదిస్తారు కూడా. నిజమే, కళ్లముందున్నదే.

తర్వాత గడిని మూడంటే మూడు ముదుర్లతో నింపాలి: వదిలేసిన కాగితం, ఏటవాలు పెన్సిలుతో మధ్యరకం, నొక్కి రుద్దిన నలుపు. కళ్లు చికిలించి చూస్తే చిన్నచిన్న వివరాలు పోయి ఈ మూడే మిగులుతాయి. మూడూ సమానంగా పంచితే దుప్పటి గళ్లలా ఉంటుంది. ఏదో ఒకటి సగానికి పైగా ఉండాలి, ఒకటి బాగా కొంచెమే ఉండాలి. బాగా తెలుపు, బాగా నలుపు పక్కపక్కన చేరిన చోటుకే చూపు పరుగెత్తుతుంది. అది ఎక్కడ జరగాలో ముందే మనమే నిర్ణయించాలి.

దీని అవసరం గుంటూరువాళ్లకు ఎక్కువ. ఎండుమిర్చి కల్లం బొమ్మ వేయని పిల్లలు అక్కడ అరుదు. ఎర్రటి మిరపకాయల పరుపు, వెనక పచ్చటి వేపచెట్లు, ఎరుపూ పచ్చా పక్కపక్కన. చూడ్డానికి ఇంత జోరుగా ఉన్న దృశ్యం కాగితం మీద ముద్దగా ఎందుకు వస్తుందో పిల్లలకు అంతుబట్టదు. ఫోను కెమెరాను బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి అదే కల్లాన్ని చూపించండి. ఎండుమిర్చి ఎరుపూ వేపాకు పచ్చా ఇంచుమించు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. రంగులు వేరే, ముదురు ఒకటే. పెన్సిలు రఫ్ వేసినవాళ్లకి ఈ సంగతి ఐదో నిమిషంలోనే తెలుస్తుంది, వేయనివాళ్లకి గంటన్నర తర్వాత. మందు కూడా రఫ్‌లోనే ఉంది. దూరపు చెట్లను పలచటి నీలిపచ్చకి దించేసి, ఒక్క చెట్టునే బాగా నలుపు చేసి, దాని ముందుకి తెల్ల తలగుడ్డ కట్టుకున్న మనిషిని జరపండి. మిరపకాయల పరుపులో ఎండ పడే భాగాన్ని నారింజ కలిసిన లేత ఎరుపుగా, టిక్కీల (మిర్చి బస్తాల) నీడ పడే భాగాన్ని ముదురుగా విడగొట్టండి. ఇప్పుడు చూపు తలగుడ్డ దగ్గర ఆగుతుంది. రఫ్‌లో ఆ తెలుపు ఆవగింజంతే, షీటు మీద చిక్కుడుగింజంత అవుతుంది. ఆ గింజ చుట్టూ పెన్సిలు గీత లేకపోతే చెట్టు వేసే ఊపులో కుంచె దాన్ని మింగేస్తుంది. అది మరకపట్టే రంగైతే ఆ తెలుపు ఇక తిరిగి రాదు.

మన ఎండలు కూడా రఫ్‌లోకి రావాలి. మే నెలలో ఫ్యాను కింద వేసిన వాష్ (బాగా నీళ్లు కలిపి పరిచే రంగు పూత) కాగితం అవతలి అంచుకి చేరేలోపే ఇవతల ఆరిపోయి గట్టి అంచు కడుతుంది. ఆకాశం నడుమ మెట్టులాంటి గీత పడేది అందుకే. కాబట్టి ఒక్క ఊపులో వేయాల్సిన భాగం ఎంత, కుంచె ఎక్కడ ఆగితే తప్పు కనిపించదు అన్నది ముందే చూసుకోవాలి. కొండ అంచు, బ్యారేజీ పై గీత, చెట్టు మొదలు లాంటివే ఆగే చోట్లు. రఫ్ మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటే వాష్‌ల వరస కుదురుతుంది. వానాకాలంలో దీనికి ఎదురు. పక్క భాగం ఎంతకీ ఆరదు, ఎరుపు వెళ్లి పచ్చలో పారుతుంది. అప్పుడు ఒకదానికొకటి తగలని భాగాలను ముందు వేసేట్టు అంకెలు మార్చుకోవాలి.

రఫ్ కుదిరాక షీటు మీదకి ఎక్కించడం. చాలా మంచి బొమ్మలు పాడయ్యేది ఈ మెట్టు దగ్గరే, అదీ రబ్బరు వల్ల. నీటిరంగుల కాగితానికి పైన జిగురు పూత ఉంటుంది. రంగు వెంటనే లోపలికి ఇంకకుండా కాసేపు పైన నిలిచేది దానివల్లే. గట్టి రబ్బరుతో నాలుగుసార్లు రుద్దితే ఆ పూత పోతుంది. అప్పటికి ఏమీ కనిపించదు. వాష్ పడ్డాక మాత్రం రుద్దినచోట రంగు గబుక్కున ఇంకి మచ్చలా తేలుతుంది, పైగా అది ఆకాశంలోనే తేలుతుంది. మంచి మందపాటి 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం కొంత ఓర్చుకుంటుంది. పోటీల్లో ఇచ్చే పలచటి డ్రాయింగ్ షీటు ఒక్క రుద్దుడుకే నూగు లేస్తుంది. ఖరీదైన కాగితానికే రఫ్ కావాలి, మామూలు షీటుకి ఎందుకు అంటారు. ఇది పూర్తిగా ఉల్టా మాట. చెరపడానికి వీల్లేని కాగితానికే రఫ్ ఎక్కువ అవసరం.

తప్పులన్నీ చవక కాగితం మీదే చేసి, చెరిపి, తేలిన గీతలను మాత్రమే షీటుకి ఎక్కించాలి. ఇంట్లో వేసుకునేవాళ్లకు ఒక సులువు: బొమ్మను 7.5 అంగుళాలకు 5.5 అంగుళాల్లో శుభ్రంగా గీసుకుని జిరాక్స్ కొట్లో 200 శాతానికి పెంచి ఏ3 మీద తీయమంటే సరిగ్గా 15కి 11 వస్తుంది. ఆ జిరాక్స్ వెనక గీతలున్న మేరకే 4బి పెన్సిలుతో రుద్ది, టిష్యూతో తుడిచి ఎక్కువ పొడి దులిపేయాలి. షీటు మీద పై అంచున రెండుచోట్ల మాస్కింగ్ టేపు పెట్టి తలుపులా ఎత్తి చూసుకునేట్టు అతికించి, ఎర్ర బాల్‌పెన్నుతో తేలిగ్గా దిద్దాలి. ఎరుపెందుకంటే ఎక్కడిదాకా దిద్దామో తెలియడానికి. నొక్కితే షీటు మీద గాడి పడుతుంది. టైపు చేసేవాళ్లు వాడే కార్బన్ పేపరు వద్దే వద్దు. దాని మైనం చెరగదు, మీదుగా రంగూ పట్టదు.

పోటీలో ఇవేవీ కుదరవు కాబట్టి గళ్ల పద్ధతి. 3కి 2.2 రఫ్‌ను అటు నాలుగు, ఇటు నాలుగు భాగాలు చేస్తే పదహారు గళ్లు వస్తాయి, ఒక్కోటి 0.75 అంగుళానికి 0.55. షీటు మీద అదే గడి 3.75కి 2.75. రఫ్ మీద గళ్లు నిండుగా గీసుకోండి. షీటు మీద మాత్రం అంచుల్లో చిన్న గాట్ల గుర్తులు చాలు, అడ్డంగా నిలువుగా గీతలు లాగితే వాటిని చెరపడానికి మళ్లీ రబ్బరే తీయాలి. అంచుల్లో గుర్తులు చూసుకుంటూ ఏ గడిలో కొండ కొస పడిందో, ఏ గడిలో బ్యారేజీ మొదలైందో చుక్కలు పెట్టి కలపడమే.

షీటు మీద హెచ్‌బీ చాలు. 2హెచ్ గట్టిది, గాడి చేస్తుంది, రంగు ఆ గాడిలో దిగి ముదురు గీతై మిగులుతుంది. 6బి మెత్తనిది, పొడి రాలి లేత వాష్‌ను బూడిద చేస్తుంది. పసుపు వాష్ అయితే మరీ ఘోరం, గ్రాఫైట్ కలిసి పాచిపచ్చకి తిరుగుతుంది. పెన్సిలు వెనకగా పట్టుకుని, మణికట్టుతో కాక మోచేతితో గీస్తే గీత తనంతట తేలిగ్గా పడుతుంది. చెరపక తప్పకపోతే ముద్దలా నలిగే నీడెడ్ రబ్బరుతో అద్ది తీయాలి, రుద్దకూడదు. రబ్బరు వాడుకలోకి రాకముందు బ్రెడ్డు మెత్తని భాగంతోనే పెన్సిలు చెరిపేవారు. వెన్న లేని బ్రెడ్డయితే ఇవాళా పనిచేస్తుంది. అరచేతి కింద ఒక తెల్ల కాగితం ఉంచుకోవడం మరవొద్దు, మన ఊళ్లలో చెమట పట్టని చేయి ఉండదు. ఆ జిడ్డు అంటినచోట వాష్ విడిపోయి చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది.

ఒకసారి వాష్ పడ్డాక దాని కింది పెన్సిలు గీత దాదాపు అతుక్కుపోతుంది. అందుకే రంగు కలపబోయే ముందు ఒక్క నిమిషం ఆగి, ఆకాశంలోనూ మొహాల్లోనూ నీటి మెరుపుల్లోనూ ఉన్న గీతలను అద్ది లేతచేయాలి. నల్లటి భాగాల్లోవి ఉన్నా ఫర్వాలేదు, కనిపించవు. మబ్బులకు గీతలే వద్దు. నీళ్లలో ప్రతిబింబానికి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రెండు చుక్కలు చాలు. పలచటి కాగితాన్ని నానబెట్టి గమ్ టేపుతో పలకకు బిగించే అలవాటున్నవాళ్లు, బిగించి ఆరాకే బొమ్మ గీయాలి. ముందే గీసి నానబెడితే గీతలు అతుక్కుపోయి సరిగా చెరగవు.

ఇదంతా రెండు గంటల్లో అవుతుందా అంటే, అవుతుంది. రఫ్‌లకు 15 నిమిషాలు, షీటు మీద గీయడానికి 20. మొదటి వాష్‌కి 20, ఆరడానికి 10. మధ్యరకం ముదుర్లకి 30, నలుపులకి 15. ఇంకా 10 నిమిషాలు మిగులుతాయి, సంతకం పెట్టి దూరంగా నిలబడి చూసుకోవడానికి. రఫ్ లేకుండా మొదటి నిమిషంలోనే కుంచె తడిపిన పిల్లలు ఎలాగూ చివరి అరగంట మచ్చలు సరిదిద్దడంలోనే గడుపుతున్నారు. సమయం అటు పోకుండా ఇటు పెట్టమంటున్నాం.

పెన్సిలు గీతలు పడితే నీటిరంగుల పారుదల చచ్చిపోతుందనీ, పెద్దపెద్దవాళ్లు నేరుగా కుంచెతోనే వేస్తారనీ ఒక వాదం ఉంది. గీత గీతకీ లోపల రంగు పోస్తే అది రంగులు నింపే పుస్తకమవుతుంది, ఆమాట ఒప్పుకుంటాం. గీత అంటే గోడ కాదు, కొన్నిచోట్ల దాటాలి. మాలోనూ కొందరు పెన్సిలు బదులు బాగా నీళ్లు కలిపిన కోబాల్ట్ నీలంతో సన్నకుంచెతోనే గీయమని నేర్పుతారు. అది బొమ్మలో కలిసిపోతుంది, చెరిపే పనే ఉండదు, అలాగే తప్పితే చెరిపే వీలూ ఉండదు. కానీ నేరుగా వేసేవాళ్ల చేతిలో రఫ్ లేదనుకోవడం పొరపాటు. నీటిరంగులకు పెట్టింది పేరైన ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వదిలి వెళ్లిన స్కెచ్ పుస్తకాలు దాదాపు 300 లండన్ టేట్ మ్యూజియంలో ఉన్నాయి. అన్ని పుస్తకాలు నింపినవాడికి పోటీ హాల్లో రెండో కాగితం అక్కర్లేదేమో. ఆరో తరగతి పిల్లకి కావాలి.

అందుకని పోటీలు పెట్టేవాళ్లను అడిగేది ఇంతే. షీటుతోపాటు పిల్లకి ఒక్కో తెల్ల ఏ4 కాగితం ఇవ్వండి. మొదటి 15 నిమిషాలు రఫ్‌కని మైకులోనే చెప్పండి, ఆ కాసేపూ వలంటీర్లు, పెద్దవాళ్లు ఎవరూ తొందరపెట్టకుండా చూడండి. ముగిశాక రఫ్‌ను బొమ్మ వెనక పిన్ను చేసి తీసుకోండి. న్యాయనిర్ణేతలకు అదొక ఆధారం కూడా. ఇంట్లో బట్టీపట్టి వచ్చి దించేసిన బొమ్మకూ, అక్కడికక్కడ ఆలోచించి వేసినదానికీ తేడా రఫ్ చూస్తే తెలిసిపోతుంది. రెండు బొమ్మలు సమానంగా తూగినప్పుడు రఫ్ బాగున్నదానికి మొగ్గండి. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు తయారయ్యేవాళ్లకూ ఈ అలవాటు పనికొస్తుంది.

మీ పత్రికకూ ఒక మనవి. పిల్లల పేజీలో నీటిరంగుల బొమ్మ వేసినప్పుడు పక్కనే దాని రఫ్ కూడా అచ్చేయండి. రెండంగుళాల చోటు చాలు. లేత పెన్సిలు గీతలు న్యూస్‌ప్రింట్ మీద రావు కాబట్టి, పంపే పిల్లలను రఫ్ మాత్రం 2బితో ముదురుగా గీసి, నీడలో కాక కిటికీ వెలుతుర్లో ఫొటో తీసి పంపమని ఆ పేజీ అడుగునే ఒక మాట రాయండి.

ఇట్లు,
కొందరు డ్రాయింగ్ మాస్టర్లు,
విజయవాడ, గుంటూరు